పిన్నిగారికి తెలియని కూర

మొన్న ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ఆటో కదలదు, ఎండ తగ్గదు, పక్కనున్న బస్సు హారన్ ఆపదు. చేసేదేమీ లేక మెట్రో స్తంభాల మీది ఫ్లెక్సీలు చదువుతూ కూర్చున్నాను. కోచింగుల వాళ్ళు, పంటి డాక్టర్లు, పుట్టినరోజు జరుపుకునే చిన్నాపెద్దా నాయకులు అయిపోయాక ఒక బడి ఫ్లెక్సీ కనిపించింది. "అమ్మ భాషను కాపాడుకుందాం" అని పెద్ద పెద్ద అక్షరాలు. వాటి కింద శాలువా కప్పుకుని, చేతులు జోడించి, చిరునవ్వుతో పిన్నిగారు. జుట్టు బాగా తెల్లబడింది. శాలువా ఆవిడకు బాగానే నప్పింది, కాదనను. నాకు మాత్రం పాత కోపం భగ్గుమంది. ఎనిమిదేళ్ళయింది కదా, చల్లారిందనుకున్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏమన్నా అన్నరా మేడం?" అని అడిగాడు. నేనేమన్నానో నాకే తెలియదు, మంచి మాటైతే అయి ఉండదు.

పిన్నిగారంటే నాకు చుట్టం కాదు. నాచారంలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు. మేడ మీద వాళ్ళు, కింద రెండు గదుల్లో మేము. వాళ్ళాయన ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త, కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ దగ్గర్లోనే పేరున్న ఇంగ్లీషు బడిలో చిన్న తరగతులకు టీచరు. మాది జనగామ వైపు. మా ఆయన పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో మెషీన్ ఆపరేటరు, నేను ఆ పక్క సందులోని మందుల కంపెనీలో గుమాస్తాను. ఆ ఇంట్లో పొద్దున గాలి ఒకవైపు నుంచి వీస్తే కంపెనీలో కాలుతున్న బిస్కెట్ల వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ముక్కు మండే మందుల ఘాటు. ఈ రోజు గాలి ఎటుందో మా ఆయన దుప్పటి లోంచే చెప్పేసేవారు. బిస్కెట్ల గాలి వీచిన రోజు మా పాప అంగన్‌వాడీ బడికి పోతానని తొందరగా లేచేది. ఘాటు గాలి రోజున జ్వరం వచ్చిందనేది.

మా రెండు ఇళ్ళనూ కలిపింది పుంటికూర. కోస్తా వాళ్ళు గోంగూర అంటారే, దాన్నే మేము పుంటికూర అంటాం. ఆకు అదే, పులుపు అదే, పళ్ళు పులిసిపోవడమూ అదే. మా ఇంట్లో మెట్ల మొదట పుంటికూర, మెట్ల చివర గోంగూర. నేను శనగపప్పు వేసి వండి, ఎల్లిపాయ పోపు పెడితే ఆ వాసన నాకంటే ముందు మేడెక్కేది. ఐదు నిమిషాల్లో పిట్టగోడ మీద పిన్నిగారి తల కనిపించేది. "అమ్మాయ్, మీ పుంటికూరేనా? ఓ గిన్నెడు పంపించు. మా గోంగూర దీని ముందు దండగ" అనేది. పుంటికూర అన్న మాటను ఆవిడ ఇష్టంగా, కాస్త సాగదీసి, నోరూరించుకుంటూ అనేది. మా ఊళ్ళో పుట్టిన నేను కూడా దాన్ని అంత ముద్దుగా అనలేదు. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఒక జామపండో, రెండు అరిసెలో అందులో ఉండేవి. నాకు హైదరాబాదులో ఒక పుట్టిల్లు దొరికిందనుకున్నాను. మా పాపైతే ఆవిడను అమ్మమ్మా అనే పిలిచేది. సగం రోజు మేడ మీదే ఉండేది.

పాపకు ఐదో ఏడు నిండుతుండగా పెద్ద బడి మాట ఎత్తింది కూడా ఆవిడే. "మా బళ్ళో ఒకటో తరగతిలో వెయ్యండి. బంగారంలాంటి పిల్ల. నేనున్నాగా." మేము మా ఇద్దరి జీతాలూ మరిచిపోయి తలూపాం. అప్పటిదాకా ఆ బడి పసుపు బస్సు మా వీధి మలుపులో తిరుగుతుంటే పక్కకు జరిగి దారివ్వడమే తప్ప, అందులో మా పిల్ల కూర్చుంటుందని అనుకున్నవాళ్ళం కాదు. ఓవర్‌టైములు చేసి ఫీజు సంగతి తను చూసుకుంటానన్నారు మా ఆయన. ఆ చలికాలమంతా సాయంత్రాలు పిన్నిగారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పించేది. ఒక అట్ట మీద ఎర్ర కాడల ఆకుకూర. పాప పుంటికూర అంటే, ఆవిడ నవ్వి, "గోంగూరన్నా అదే, పుంటికూరన్నా అదే. ఏదన్నా రైటే" అని బుగ్గ గిల్లింది. ఏదన్నా రైటే. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

దాన్ని ఇంటర్వ్యూ అనకూడదట. పిల్లలకు ఇంటర్వ్యూలు పెట్టకూడదని రూల్ ఉందట, అందుకని దాని పేరు ఇంటరాక్షన్. గాడిదను గుర్రమంటే సరిపోతుందనుకునేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఆ గదిలో ఉత్తరాది నుంచి వచ్చిన పెద్ద మేడమ్, ఆవిడ పక్కన పిన్నిగారు. ఎదురుగా చిన్న కుర్చీలో మా పాప, వెనక గోడవారన మేమిద్దరం. తల్లిదండ్రులు నోరు విప్పితే పిల్లకే నష్టమని పిన్నిగారే ముందు రోజు హెచ్చరించింది, వీలైతే తననూ పలకరించవద్దంది. సరేనన్నాం. పాపకు చాక్లెట్ ఇచ్చారు. టొమాటో, బ్రింజాల్, పొటాటో, అంబ్రెల్లా అన్నీ గడగడా చెప్పేసింది. మా ఆయన నా చెయ్యి నొక్కారు. ఇక తెలుగు మాటలు నాలుగు చెబితే చాలన్నారు. మూడో అట్ట మీద ఆ ఎర్ర కాడల ఆకుకూర.

మా పాప పిన్నిగారి వైపు చూసి నవ్వి, "పుంటికూర" అంది.

పెద్ద మేడమ్‌కు తెలుగు రాదు. పిన్నిగారి వైపు తిరిగి, ఇది తెలుగేనా అని ఇంగ్లీషులో అడిగింది. పిన్నిగారు అట్టను ఒకసారి, బల్లను ఒకసారి చూసి, "మన తెలుగు కాదు మేడమ్. నేనెప్పుడూ వినలేదు" అని ఇంగ్లీషులోనే చెప్పింది. మా ఆయన ఆగలేక లేచి, "గోంగూరనే మేడం, మా దిక్కు గట్లనే అంటం" అన్నారు. పిల్లనే చెప్పనివ్వండి అని పెద్ద మేడమ్ చెయ్యి చూపించి కూర్చోబెట్టింది. పాప మాత్రం అమ్మమ్మ ఏదో ఆట ఆడుతోందనుకుంది. "అమ్మమ్మా, నిన్న తిన్నవ్ గదా మా ఇంట్ల" అంది. పిన్నిగారు నవ్వలేదు. "కాల్ మీ మిస్, బేబీ" అంది. పాప నోట్లో చాక్లెట్ నమలడం ఆగిపోయింది. నాలుగో అట్టకు అది నోరు తెరవలేదు.

వారం తర్వాత ఆఫీసులో కనుక్కోవడానికి వెళితే అక్కడి గుమాస్తా నావైపు చూడకుండా, "ఇంట్ల భాష సక్కగ లేదని సీటియ్యలే మేడం" అన్నాడు. ఇంగ్లీషులో గెలిచి, తన తెలుగులో తను ఓడిపోయింది నా బిడ్డ. లోకంలో ఎన్నో చోట్ల పిల్లలను బడి గేటు దగ్గరే ఆపేస్తారని చదువుతుంటాం. రంగు చూసో, కులం చూసో, ఆడపిల్లవనో ఆపుతారు. మమ్మల్ని లోపలికి రానిచ్చి, కుర్చీ వేసి, చాక్లెట్ పెట్టి మరీ ఆపారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

సాయంత్రం పిన్నిగారు తనే మెట్లు దిగి వచ్చింది. "అర్థం చేసుకో అమ్మాయ్. మీరు మా ఇంట్లో ఉంటారని అక్కడెవరికీ తెలీదు. నేను అవునంటే, తెలిసినవాళ్ళని వెనకేసుకొచ్చానంటారు. నాకింకా సర్వీసుంది."

"నేను సీటు ఇప్పియ్యమనలే పిన్నిగారూ" అన్నాను. "తెలిసిన మాట తెల్సు అని చెప్తే అయిపోతుండె."

"ఓ కూర పేరేగా" అందావిడ. ఆ మాటతో నాలో మిగిలిన కాస్త మర్యాదా పోయింది. అరిచి ఉంటే బాగుండేది, నాకు అరవడం చేతకాలేదు. తలుపు వేసుకుని కూర్చుని ఏడ్చాను. సీటు పోయినందుకు ఏడ్చానని మా ఆయన అనుకున్నారు. నేను ఏడ్చింది పుట్టిల్లు పోయినందుకు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసేదాకా నేను పుంటికూర వండలేదు. వండితే వాసన మేడెక్కుతుంది.

పాపను ఒక హార్డ్‌వేర్ షాపు మీది చిన్న బడిలో వేశాం. నాగోల్ వైపు ఇల్లు మారాం. చదువుకు లోటు రాలేదు, ఆ బడి టీచర్లు మంచివాళ్ళు. కానీ పాప మా దగ్గర ఒక కొత్త ప్రశ్న మొదలుపెట్టింది. అంగి అనబోయి ఆగేది, ఆలుగడ్డ అనబోయి ఆగేది. "అమ్మా, ఇది ఇంటి మాటనా, బడి మాటనా?" అని అడిగేది. రోజుకు పదిసార్లు అడిగేది. అన్నీ మన మాటలే బిడ్డా అని నేనెంత చెప్పినా నమ్మేది కాదు. ఏదన్నా రైటేనని ఇంతకుముందు ఒకరు చెప్పి ఉన్నారు కదా.

ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెస్తుంది. దాని తెలుగు విన్నవాళ్ళెవరూ మాది జనగామ వైపని పోల్చుకోలేరు. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేస్తే అవును, కాదు, బాగున్నాను అని మూడు ముక్కలు చెప్పి నా చేతికిచ్చేస్తుంది. "పిల్లకు నా మీద కోపమొచ్చిందా ఏందే?" అని అడుగుతుంది మా అమ్మ. ఏం చెప్పను? ఏ మాట ఎక్కడ దాచుకోవాలో నా బిడ్డకు ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. కాలం ఎంతటి గాయాన్నైనా మాన్పుతుందంటారు గానీ, మా ఇంట్లో అది మాన్పించింది ఇంటి మాటనా, బడి మాటనా అన్న ఆ ప్రశ్నను మాత్రమే.