పరగడుపు పరీక్ష

పెళ్లయిన మూడేళ్లకు, నాలో ఇంకా ఎన్ని అండాలు మిగిలాయో తెలుసుకోవడానికి మార్కాపురం డాక్టరమ్మ ఎ.ఎం.హెచ్. అనే హార్మోన్ రక్తపరీక్ష రాసింది. రక్తపరీక్ష ఏదైనా పరగడుపునే చేయించాలని మా అత్తగారి వైద్యశాస్త్రం. యర్రగొండపాలెంలో తొలి బస్సు ఎక్కిస్తూ, రక్తం ఇచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. మా ఆయన మాత్రం బస్టాండులో నాలుగు ఇడ్లీలు తిని, నాకు తోడు రావడమనే కష్టానికి ఇంకో రెండు వేయించుకున్నారు.

సూది గుచ్చుతూ ల్యాబు అమ్మాయి నా ముఖం చూసింది. "దీనికి పస్తు ఎందుకక్కా, తినే రావచ్చు గదా" అంది.

రెండు రోజుల తర్వాత రిపోర్టు కోసం అత్తగారితో కలిసి ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ చూసి, "వయసుకు తగ్గట్టే ఉన్నాయి. అయినా ఇది అండాలు ఎన్ని ఉన్నాయో ఒక అంచనా చెబుతుంది గానీ, గర్భం నిలుస్తుందో లేదో చెప్పదు. ఇక మీ ఆయనకు పరీక్ష చేయాలి" అంది.

అత్తగారు కొడుకు వైపు జాలిగా చూశారు.

"వాడు పొద్దున్నే ఇడ్లీలు తినేసినాడు గదమ్మా. ఈరోజు ఎట్ల కుదురుతుంది?"

ఆ తర్వాత నాలుగేళ్లపాటు మా ఆయన ఒక్క పూట కూడా టిఫిన్ మానలేదు.