గంపకో చెయ్యి

ఈశ్వరితో నేను మూడేళ్లు ఒకే గదిలో పనిచేశాను. అందులో రెండేళ్లు పోట్లాటతోనే గడిచాయి. దేనిగురించి అని అడిగితే చెప్పడానికి నాకే సిగ్గు. ఒక మనిషి వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టాలి అన్నదాని గురించి.

మా ఆఫీసు విజయనగరంలో గంటస్తంభం దగ్గర, సైకిల్ సామాన్ల కొట్టు పైన రెండు గదులు. ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసేవాళ్లం. యజమాని నారాయణమూర్తిగారు అంతకుముందు పెళ్లి వీడియోలు తీసేవారు. 2016లో ఊరందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు రావడం చూసి, ఇక పెళ్లిళ్లు చాలు, యుద్ధాలు చేద్దాం అన్నారు. బొబ్బిలి కోట పెడదామని నేను సలహా ఇస్తే రెండు చెవులూ మూసుకున్నారు.

“ఇజీనగరంలో కూకుని బొబ్బిలి కోట ఆట తీస్తే, ఎవరు గెలిచినా మనకి ఏదో ఒక ఊళ్లో అద్దిల్లు దొరకదు బాబూ” అన్నారు.

అందుకని ఎవరిదీ కాని కోట ఒకటి కల్పించాం. సముద్రం ఒడ్డున ఉంటుంది. దొంగ ఓడలు దాని మీదికి వస్తాయి. ఆడేవాడు తన మనుషులను వేలితో తాకి, ఎక్కడికి వెళ్లాలో చూపించి, కోటను కాపాడుకోవాలి. ఆ మనుషులను మా భాషలో యూనిట్లు అంటాం. వాళ్లకు బుద్ధి పెట్టడం నా పని. అంటే వేలు తగలగానే ఎవరు ఎటు కదలాలో కోడ్ రాయడం. వాళ్లకు ఒళ్లు పెట్టడం ఈశ్వరి పని. నడక, పరుగు, కత్తి దూయడం, దెబ్బ తిని పడిపోవడం అన్నీ ఆమె చేతిలోంచే రావాలి.

ఈశ్వరిది కళింగపట్నం, చేపల వేటకు వెళ్లే ఇల్లు. తండ్రి చినబాబు పడవ మీద, తల్లి అసిరమ్మ గంప కింద. శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, విశాఖపట్నంలో యానిమేషన్ నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం ఆమె కేరియర్ మూత తీస్తే ఎండుచేపల వాసనకి మూర్తిగారు కిటికీలన్నీ తెరిచేవారు. ఆమె ఒక ముద్ద కూడా తగ్గించేది కాదు. దారిన పోయేవాళ్ల మొహాలు కాకుండా కాళ్లు చూసే అలవాటు ఆమెకి. ఒకసారి బొబ్బిలి బస్సు దిగి వీణ మోసుకెళ్తున్న పెద్దమనిషి వెనకే కోటదాకా నడిచింది, బరువు ఏ భుజం మీద పడుతోందో చూడటానికి. ఆయన దొంగ అనుకుని నడిబజారులో కేకలు పెట్టాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను వెక్కిరించాను. ఆమె పట్టించుకోలేదు.

నాకేమో ఆలస్యమంటే ఒళ్లుమంట. చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచినదానికంటే ‘బేగి రా’ అని పిలిచిందే ఎక్కువ. ఆటలో అయితే ఆలస్యం మరీ పాపం. వేలు తాకించాక మనిషి కదలకపోతే, ఆడేవాడు రెండుసార్లు చూస్తాడు, మూడోసారి ఆట మూసేస్తాడు. అందుకే ‘ఆలస్యం అమృతం విషం’ అని కాగితం మీద రాసి నా కంప్యూటర్ మీద అంటించుకున్నాను. మర్నాడు వచ్చేసరికి దాని కింద ఇంకో కాగితం ఉంది. ‘నిదానమే ప్రధానం’ అని. రాసిందెవరో అడగనక్కర్లేదు.

సిపాయిల దగ్గర ఆమె నాకు లొంగింది. మా సిపాయి నిలబడ్డచోటే కాగితం తిప్పినట్టు వెనక్కి తిరిగేవాడు. అసలు సిపాయి ఎవడూ అలా తిరగడు, ముందు బరువు ఒక కాలి మీదికి మార్చుకోవాలి. అయినా ఈశ్వరి సణుక్కుంటూ ఒప్పుకుంది. “జీతగాళ్లు కదా, కేకేస్తే తిరగాల. పోన్లెండి” అంది.

లొంగనిది గంపమ్మ దగ్గర. రేవునుంచి కోటకు చేపలు మోసే మనిషికి మేం పెట్టుకున్న పేరు అది. కోటకు తిండి ఆమె వల్లే. నెత్తిన గుడ్డతో చుట్టిన చుట్టకుదురు, దాని మీద గంప. మెడ కదలదు. నడుం కిందంతా కదులుతుంది. ఒక చెయ్యి గంప అంచున ఉంటుంది, రెండోది నడకతోపాటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వెనక్కి తిరగాల్సి వస్తే తల తిప్పదు. ముందు అడుగు నెమ్మదిస్తుంది, గంప ఊపు సర్దుకుంటుంది, తర్వాత ఒక్కో పాదం మార్చుకుంటూ మనిషంతా కలిసి తిరుగుతుంది.

చూడ్డానికి ఎంతో బాగుంది. కాదంటే కళ్లు పోతాయి. కానీ ఒడ్డున దొంగలు దిగినప్పుడు, గంపమ్మను తాకి కోటవైపు తిరగమంటే ఆమె తన తీరున తాను సర్దుకునేలోపు కత్తి మెడ మీద పడేది. మూర్తిగారు ఆడించి చూడమని కాలేజీ పిల్లలను పిలిపిస్తే వాళ్లందరిదీ ఒకటే మాట. “ఈ గంపావిడ సెప్పిన మాట ఇనదండీ.”

మూర్తిగారు గడువు పెట్టారు. నెలాఖరుకి గంపమ్మ బేగి తిరగాలి, లేదా ఆమెను తీసేసి ఎద్దుబండి పెట్టాలి.

“నెత్తిమీద గంప ఉందని ఆడేవాడికి ఏటి పట్టింది?” అన్నాను నేను.

“బరువున్న మనిసి బొంగరంలాగ తిరిగిందంటే ఆ గంపలో ఏటీ నేదని అర్థం. కాళీ గంప మొయ్యడానికి మనిసెందుకు? బండే పెట్టుకోండి” అంది ఈశ్వరి.

అని లేచి బయటికి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను, టీ తాగుదామని పిలిచాను. టీకొట్టు బల్ల మీద కూర్చున్నాక, గ్లాసువైపే చూస్తూ చెప్పింది.

“అది మా అమ్మండీ.”

కళింగపట్నంలో తెల్లవారకముందే పడవల దగ్గర చేపలు తీసుకుని, అసిరమ్మ శ్రీకూర్మం వైపు ఊళ్లన్నీ తిరిగేదట. గంప వాసనకి ఎవరూ బండి ఎక్కనిచ్చేవారు కాదు. ఎండకీ వానకీ నడకే.

“మా అమ్మని నాను ఎక్కువగా ఎనకనుంచే సూసేను. నాను లేసేసరికి ఎల్లిపోతండేది. ఆ నడకంటే నాకు అసయ్యం. బడిలో పిల్లలు మా అమ్మలాగ నడిసి ఎక్కిరించేవోలు. ఇప్పుడు మెడ ఎముకలు అరిగిపోనాయని, ఇంక నెత్తిమీద బరువెట్టొద్దని డాక్టరు సెప్పీసినాడు. నా గదికే తెచ్చీసుకున్నాను. మంచిదే కదా, మొయ్యక్కర్లేదు కదా. మరెందుకో ఏడుపొస్తన్నాది. ఆ నడక ఇంకెక్కడా నేదండీ. మన కంప్యూటర్లోనే ఉన్నాది.”

నా మనసు కరిగింది. కోడ్ మాత్రం కరగలేదు. అమ్మ అయినా అమ్మమ్మ అయినా, వేలు తాకితే కదలాల్సిందే కదా. ఈశ్వరి ఒకసారి గంపమ్మ తిరిగే సమయాన్ని సగానికి కోసింది. చూసుకుంది. మళ్లీ మొదటిలాగే పెట్టేసింది. నెలాఖరు దగ్గరపడుతోంది, నాకేమో ఎద్దుబండి కోడ్ రాయడానికి చేతులు రావడం లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఏదో ఫైలు కావాల్సివచ్చి, “ఈశ్వరీ!” అని పిలిచాను.

“ఓయ్” అంది వెంటనే. తల తిప్పలేదు. చేస్తున్న పని ముగించి, మౌస్ పక్కనపెట్టి, అప్పుడు కుర్చీతోసహా తిరిగింది. “సెప్పండి.”

ఫైలు సంగతి మర్చిపోయాను. రెండేళ్లుగా ఈమెను పిలుస్తున్నాను, రెండేళ్లుగా ఈమె ఇలాగే తిరుగుతోంది, ఒక్కసారి కూడా నాకు ఒళ్లు మండలేదు! అదే మా రంగులు వేసే ధనరాజును పిలిస్తే, వాడు ఈమెకంటే ముందే తిరుగుతాడు. నోరు మాత్రం విప్పడు. వాడి మీద రోజూ అరుస్తాను. అనుమానం తీర్చుకుందామని ధనరాజును కూడా పిలిచాను. చప్పుడు చెయ్యకుండా తిరిగాడు. “చెవుడా?” అని అరిచేశాను, పరీక్షే అని తెలిసి కూడా.

“నువ్వు ముందు ‘ఓయ్’ అంటావెందుకు?” అని ఈశ్వరిని అడిగాను.

“ఎందుకేటండీ, పిలిస్తే పలకాల కదా” అని నవ్వింది. “మా అమ్మ అలవాటు. కొనేవోలు ఎప్పుడూ ఎనకనుంచే పిలుస్తారు. అమ్మ ఆల గుమ్మం దాటిపోయేక గుర్తొస్తాది ఆలకి, చేపలు కావాలని. గంపతోటి తిరగడానికి సేపు పడతాది. ఇనలేదనుకుని తలుపేసీసుకుంటే బేరం పోయినట్టే కదా. అందుకని ముందు నోటితోటి ‘ఓయ్, వస్తన్నానమ్మా’ అనీసి, అప్పుడు మెల్లిగా తిరుగుతాది. ఆ మాట ఇన్నాక ఆలే నిలబడతారు.”

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ధనరాజుకి మేమెందుకు నవ్వుతున్నామో అర్థంకాక, తనను చూసే అనుకుని అలిగాడు.

వారంలో పని అయిపోయింది. వేలు తాకీ తాకగానే గంపమ్మ “ఓయ్, వస్తన్నానమ్మా!” అంటుంది. ఖాళీగా ఊగే చెయ్యి అదే క్షణంలో పైకి లేస్తుంది. ఆ తర్వాత ఎప్పటిలాగే అడుగు నెమ్మదిస్తుంది, గంప సర్దుకుంటుంది, మనిషంతా కలిసి తిరుగుతుంది. తిరగడానికి పట్టే సమయంలో ఒక్క రవ్వ కూడా తగ్గించలేదు. దొంగలు దూరం నుంచే కనబడేలా వాళ్ల దారి మాత్రం కాస్త పొడిగించాను. గొంతు ఈశ్వరిదే, వాళ్లమ్మలా పెట్టి పలికింది.

కాలేజీ పిల్లలు మళ్లీ వచ్చి ఆడారు. “ఇప్పుడు గంపావిడ భలే ఫాస్టుగా తిరుగుతోందండీ, ఏటి మార్చేరు?” అన్నారు. మూర్తిగారు ఎద్దుబండి మాట మళ్లీ ఎత్తలేదు. ఈశ్వరి ఆ సాయంత్రం కిందకెళ్లి అందరికీ బజ్జీలు తెచ్చింది.

ఆట విడుదలకు ముందు అసిరమ్మను ఆఫీసుకి తీసుకొచ్చింది. మెడకి పట్టీ కట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కి వచ్చిందామె. నా కుర్చీలో కూర్చోబెట్టాం. తెరమీద గంపమ్మ రేవునుంచి నడిచి వస్తోంది. నేను తాకాను.

“ఓయ్, వస్తన్నానమ్మా!”

అసిరమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. “ఓలమ్మా! నాలాగే నడుస్తన్నాదే! ఏటే ఇది, నన్నే ఇందులో ఎట్టీసినావేటే?”

ఈశ్వరి మొహం వెలిగిపోయింది. నేనూ ఉత్సాహంగా గంపమ్మను కోటకీ రేవుకీ తిప్పి చూపించాను. అసిరమ్మ చూస్తోంది. చూసేకొద్దీ నవ్వు తగ్గింది. మెచ్చుకుంటుందని ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

“మరి దీని గంప ఎవులు దింపుతారు బాబూ?” అంది.

“దింపడం ఉండదమ్మా. కోటలోకి వెళ్లగానే చేపలు చేరిపోయినట్టే. మళ్లీ రేవుకి వెళ్లిపోతుంది” అన్నాను.

“అలగ్గాదు బాబూ. ఇందాకట్నించి తిరుగుతానే ఉన్నాది కదా. నిండు గంప ఒక్కర్తీ దించుకోనేదు. ఎవులో ఒకలు సెయ్యెయ్యాల. చేపలు కొన్నా కొనకపోయినా, గుమ్మంలో నిలబడి ‘ఒక సెయ్యెయ్యమ్మా’ అంటే ఎవులూ కాదనీవోలు కాదు. ఇంతమంది ఉన్నారు కోటలో. సిపాయిలున్నారు. ఒక్కలూ సెయ్యెయ్యరేటి?”

గంపమ్మ తెరమీద ఎవరూ పిలవకపోయినా గంపతో అలాగే నిలబడి ఉంది. తల్లి కాళ్ల దగ్గర ఈశ్వరి కూలబడింది.

“సాయంత్రం ఇంటికొస్తే నీ గంపకి సెయ్యేసింది నానే కదే అమ్మా. ఈ బొమ్మలోకి నీ మెడ పట్టుకున్నాను, నడుం పట్టుకున్నాను, పాదాలు పట్టుకున్నాను. అదెలాగ మర్సిపోనానే?” అని ఏడ్చేసింది.

“ఊరుకోయే, బొమ్మకోసం ఏడుస్తారేటి” అంటూ అసిరమ్మ వంగబోయింది. మెడ పట్టీ వంగనివ్వలేదు. చెయ్యి మాత్రం కిందికి చాపి కూతురి తల నిమిరింది.

విడుదల దగ్గరపడింది, కొత్త పనులేవీ పెట్టుకోవద్దని మూర్తిగారు అప్పటికే చెప్పి ఉన్నారు. ఆయనకు చెప్పకుండానే చేశాం. గంపమ్మ పని లేకుండా కాసేపు నిలబడితే, దగ్గర్లో ఉన్నవాళ్లెవరో ఒకరు, సిపాయి కానీ, కోట పక్క ఉప్పుమళ్లలో పనిచేసే మనిషి కానీ, చేతిలోది కింద పెట్టి వస్తారు. గంపకు ఒక చెయ్యి వేస్తారు. గంప కిందికి దిగుతుంది. ఆమె పక్కనే కూర్చుని, మెడ రాసుకుని, చెంగుతో విసురుకుంటుంది. ఈశ్వరి ఆ కదలికలు చేస్తున్నన్నాళ్లూ నేనేమీ సలహా ఇవ్వలేదు.

చిక్కు నా దగ్గరే వచ్చింది. గంప సగం దిగి ఉండగా ఆడేవాడు ఆ సిపాయినే తాకితే? నా లెక్క ప్రకారం వాడు అన్నీ వదిలేసి పరిగెత్తాలి. రెండేళ్లు నేను పోట్లాడింది అందుకే. అలాగే రాశాను. నడిపి చూశాను. సిపాయి చెయ్యి తీసేశాడు, గంప గంపమ్మ మెడ మీద ఒరిగింది. నాకు అసిరమ్మ మెడ పట్టీ కళ్లముందు కదిలింది. రాసిందంతా కొట్టేశాను. ఇప్పుడు వాడు “ఉండండి, వస్తన్నాను” అని పలుకుతాడు. గంప నేలకు ఆనాకే కదులుతాడు.

ఆట విడుదలైన కొన్నాళ్లకు మూర్తిగారు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఎవరెవరో ఫిర్యాదులు రాశారట, ఒక్కోసారి సిపాయి మాట వినడం లేదని.

“ఇదేటి బాబూ ఉమాశంకర్, ఆలస్యమంటే ఒంటికాలిమీద లేస్తావు, ఇంత పెద్ద తప్పు ఎలా వదిలీసేవు? బేగి సరిచెయ్యి” అన్నారు.

ఈశ్వరి తన పని ఆపి నావైపు తిరిగింది.

“అది తప్పు కాదండీ. గంప దింపేక వస్తాడు” అన్నాను.