మూడు జాడీల ద్రాక్షారిష్టం

కోటిలింగంగారు బెజవాడలో పేరున్న ఆయుర్వేద వైద్యుడు. ఆయన మందుల్లో సగం భార్య వెంకటరావమ్మ చేతుల మీదుగా తయారయ్యేవి. పేరు మాత్రం ఆయనది. ఆ ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు.

ఎండుద్రాక్ష కషాయం కాచి, బెల్లమూ సుగంధద్రవ్యాలూ కలిపి, జాడీ మూతికి గుడ్డ కట్టి, మన్ను మెత్తి, వడ్ల రాశిలో పాతిపెడితే అది లోపల పొంగి, మాగి ద్రాక్షారిష్టం అవుతుంది. పాతబడ్డకొద్దీ గుణం పెరుగుతుందంటారు. గుణం మాటెలా ఉన్నా, రుచి పెరగడం మాత్రం నిజం. మద్యనిషేధం మీద గంటసేపు ఉపన్యసించే పెద్దమనుషులు కూడా, మందు కదా అని, భోజనం కాగానే రెండు గుక్కలు ఎక్కువే పుచ్చుకునేవారు.

భర్త పోయిన ఏడే వెంకటరావమ్మ ఒంటిచేత్తో కొన్ని జాడీలు పెట్టింది. 1946 వేసవికి వాటికి రెండేళ్ళు నిండాయి. ఆ సరుకు నిలబడితే ఆమె పని ఆమెకుంటుంది. లేదంటే పొయ్యిలార్పించి, తెనాలిలో తన ఇంటికి తీసుకుపోతానని బావగారు అప్పటికే కబురు పెట్టారు. సరుకు కొనాలో వద్దో తేల్చవలసినవాడు గవర్నరుపేటలో మందుల కొట్టున్న అచ్యుతరామారావు. ఆయన తన వెంట కోటిలింగంగారి స్నేహితులిద్దరిని తెచ్చాడు: బట్టల వర్తకుడు అంకమ్మరావు, మద్యనిషేధ సభల్లో మాట్లాడే ప్లీడరు సాంబమూర్తి.

ఆమె ముగ్గురి ముందూ వెండి ఉగ్గుగిన్నెలు పెట్టి, తనకూ ఒకటి పెట్టుకుంది. విధవరాలు తలుపు చాటున ఉండాలన్న సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే మంచిదయింది.

మొదట దంపతులిద్దరూ కలిసి చేసిన అయిదేళ్ళ జాడీ. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకోగానే అంకమ్మరావు కళ్ళు మూసుకున్నాడు. దాల్చినచెక్క వాసనని ఒకరు, కాదు, కాలిన బెల్లపు వాసనని ఇంకొకరు. ప్లీడరుగారు వాదన తేల్చడానికని మళ్ళీ పోయించుకున్నారు. గది సందడెక్కింది.

తరవాత ఆమె జాడీ. ముగ్గురూ ఒక్క గొంతుతో అమృతమన్నారు. ఆమె ముఖంలోకి వెలుగొచ్చింది.

చివరికి కోటిలింగంగారు యుద్ధానికి ముందు పెట్టిన జాడీ. మన్ను ఎప్పుడు బీటవారిందో! నోట్లో పోసుకోగానే ముగ్గురి దవడలూ బిగుసుకున్నాయి. సాంబమూర్తిగారు గుటక వేసి, స్వర్గస్థుణ్ణి తలుచుకుని, ఇది కూడా అమృతమన్నారు. మిగతా ఇద్దరూ తల ఊపారు.

వెంకటరావమ్మ కూడా రుచి చూసింది. గిన్నె కింద పెట్టేసింది.

"అన్నయ్యగారూ, ఇది చెడిపోయి పుల్లబడిందండీ. దీన్నీ అమృతమంటే, ఇందాక నాదాన్ని అన్నమాట ఏమనుకోవాలి?"

చనిపోయినవాణ్ణి పొగడటం మర్యాద, అతని భార్యను పొగడటం జాలి. రెండింటినీ ఒకే గిన్నెలో పోశారు ముగ్గురూ. ఆమె లేచి గిన్నెలు కడిగి తెచ్చి, తన జాడీలోంచి మళ్ళీ పోసింది. ఈసారి మొహమాటం లేకుండా చెప్పమంది.

అంకమ్మరావు అడుగుదాకా తాగి, "తియ్యగానే ఉంది చెల్లెమ్మా, కానీ గొంతులో మండుతోంది" అన్నాడు. సాంబమూర్తిగారు ఇంకా కుర్రతనం పోలేదన్నారు. అచ్యుతరామారావు చాలాసేపు నాలిక మీద ఉంచుకున్నాడు.

"లవంగం ఎక్కువైందమ్మా. ఇప్పుడమ్మితే నా కొట్టు పేరు పోతుంది. ఇంకో ఏడాది మాగనిస్తే మటుకు, ఇందాకటి అయిదేళ్ళదాన్ని తలదన్నుతుంది. అన్ని జాడీలూ నాకే ఉంచండి."

ఆమె ముఖం వెలిగిపోయింది. అమృతమన్నప్పటి వెలుగు కాదిది. వచ్చే ఏటి సరుకుకి లవంగం ఎంత తగ్గించాలో అడగడం మొదలుపెట్టింది. నిజం చెప్పడం మరిగిన ముగ్గురూ ఇక ఆగలేదు. ఏలకులు చాలలేదన్నారు, బెల్లం ముదురుదన్నారు, ఒకరి నాలికను ఒకరు వెక్కిరించుకున్నారు. అన్నిటికీ ఆమె నవ్వుతూ, ఎదురడుగుతూ కూర్చుంది.

లేవబోతూ అచ్యుతరామారావు, సీసాల మీద పాత పేరే ఉంచుదామని, జనానికి కోటిలింగంగారి మీద గురి అని అన్నాడు.

"లవంగం ఎక్కువేసింది నేనండీ. ఆ నింద ఆయన మీద పెడతారా?" అంది వెంకటరావమ్మ.

మరుసటి ఏడు సీసాల మీద అచ్చయింది ఆమె పేరే.