ఏ ఊరూ దిగనీయని బస్సులో ప్రభువు మాతో ఉన్నాడు

సంఘ పెద్దలారా, సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నా పేరు సుగుణ, కార్వేటినగరం పక్క పల్లె మాది. మైకు ముందర నిలబడేది నాకు ఇదే మొదలు, అయినా ప్రభువు నాకు చేసిన మేలు కడుపులో పెట్టుకొని ఊరికే కూర్చోలేక లేచినాను, తప్పులు మాట్లాడితే మన్నించండి, మహిమ మాత్రం ఆయనకే!

మాది రెక్కల కష్టం. మా ఆయన యేసుదాసు సెంట్రింగు పనికి పోతాడు, నేను మామిడి సీజను వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీకి పోతాను. మాగిన తోతాపురి కాయలు నీళ్ళలో కడుక్కొని బెల్టు మీద వస్తా ఉంటాయి, మేము ఆడోళ్ళం అటూ ఇటూ నిలబడి కుళ్ళినవి ఏరి పారేసి, మంచివాటికి తొడిమ కోసి ముందుకు తోస్తాము. భుజానికి భుజం తగులుతుంది, మిషన్ల రొదలో పక్కనామెకు ఒక మాట చెప్పాలంటే చెవికాడ నోరు పెట్టి అరవాల, ఆ ఆవిరికీ తడికీ గాలి ఆడదు. మామూలు రోజుల్లో అది కష్టమే కానీ భయం కాదు. ఆ కరోనా వచ్చిన యేడు అదే భయమైపోయింది సహోదరులారా!

ఊర్లన్నీ తలుపులు మూసుకొని కూర్చుంటే మా ఫ్యాక్టరీకి మాత్రం పర్మిషను ఇచ్చినారు, ఎందుకంటే కాయ ఆగదు కదా, మాగిందంటే మాగిందే, రైతు యాడికి పోతాడు? మాకూ పని కావాల, పోయినాము. కొన్నాళ్ళకు బెల్టు దగ్గర ఒకామెకు దగ్గు, ఇంకొకామెకు ఒళ్ళు నొప్పులు, మరొకామె రాలేదు. గేటు కాడ నుదుటికి మిషను పెట్టి జొరం చూసేవాళ్ళు, కొందరు మమ్మల్ని తెచ్చే ఫ్యాక్టరీ బస్సులోనే జొరం మాత్ర మింగి గేటు దాటేవాళ్ళు, వాళ్ళను నేను తప్పు పట్టను, పనికి రాకపోతే పొయ్యి వెలగని ఇండ్లు అవి.

మాట బయటికి పాకింది. 'ఆ ఫ్యాక్టరీ జ్యూసు తాగొద్దు, దాంట్లో పురుగు ఉండాది' అని ఫోన్లలో మెసేజీలు తిరిగినాయి. మామిడి సొన తగిలి మా వేళ్ళు నల్లగా కమిలి ఉంటాయి చూడండి, అంగట్లో ఆ చేతులు చూసి గుర్తుపట్టి, సామాను గడప అవతల పెట్టి పొమ్మనేవాళ్ళు. పాలాయన మా వీధికి రావడం మానేసినాడు. నాకు అప్పుడు కాలు నిలవదు, చెయ్యి నిలవదు, ఇంట్లో మా అత్తకు షుగరు, ఆయాసం, నేను దగ్గితే ఆమె ఉలిక్కిపడతాది, ఆమె దగ్గితే నేను ఉలిక్కిపడతాను! ప్రార్థనకు మోకాళ్ళూనితే మాట రాదు, లేచి వాకిట్లోకి పోతాను, మళ్ళీ లోపలికి వస్తాను. అట్లా అల్లాడిపోయినాను.

ఒకరోజు పొద్దున డాక్టర్లు వచ్చి బెల్టు ఆపించినారు. అందరినీ వరసగా నిలబెట్టి ముక్కులో పుల్ల పెట్టి చూసినారు. "రిపోర్టు రేపు వస్తుంది, అంతవరకు ఇంట్లో వేరేగా ఉండండి" అని చెప్పి గేటు మూసినారు. మా బస్సు మేము ఎక్కినాము. డ్రైవరు మునెయ్యన్న, మెత్తని మనిషి. నా పక్క సీటులో సెల్వి, నగరి పక్క అమ్మాయి, బెల్టు కాడ కూడా నా పక్కనే. ఇంట్లో చంటిబిడ్డను వాళ్ళమ్మకు ఇచ్చి పనికి వస్తా ఉండింది. ముందు సీటులో రాజమ్మత్త, మా అందరికీ పెద్దది.

ముందు రాజమ్మత్త ఊరు వచ్చింది. ఊళ్ళోకి పోయే దావకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉండారు! కంప అవతల జనం, చేతుల్లో కట్టెలు. "మా ఊళ్ళో ఎవురూ దిగేదానికి లేదు, పోనీ బండి" అని అరుపులు. "ఒరే, నేను పుట్టిన ఊరురా ఇది!" అని రాజమ్మత్త కిటికీలోంచి అరిచింది. ఆమె ఎత్తుకొని తిప్పిన పిల్లోళ్ళే, ఒక్కరూ కంప తీయలేదు. బస్సు ముందుకు పోయినాక ఒకరిద్దరు ఆడోళ్ళు చెరుకుతోటల్లో దిగి అడ్డదావన పోయినారు, మిగతా మేము అట్లే కూర్చున్నాము.

తర్వాత మా ఊరు. ఆడా కంప వేసి ఉండారు. కంప అవతల మా ఆయన నిలబడి ఉండాడు. నాకు పానం లేచి వచ్చింది, మా ఆయన ఉండాడు, చాలు అనుకొని మెట్టు మీద కాలు పెట్టినాను. ఆయన చెయ్యెత్తినాడు.

"దిగొద్దు సుగుణా."

"ఏమంటా ఉండావు?"

"అమ్మకు పొద్దున్నించి ఆయాసంగా ఉండాది. రేపు రిపోర్టు వస్తాది కదా, అంతవరకు యాడన్నా ఉండు."

"యాడ ఉండాల, చెప్పు! యాడ?"

నేను సీటులో కూలబడినాను. సహోదరులారా, నేను విశ్వాసిని, పాటలు పాడేదాన్ని, ఆదివారం తప్పనిదాన్ని, కానీ ఆ నిమిషంలో నా నోట వచ్చిన ప్రార్థన మీకు దాపరికం లేకుండా చెప్తాను: "ప్రభువా, ఈ మనుషులను చూస్తా ఉండావా, నిద్రపోతా ఉండావా?" అంతే! స్తోత్రం లేదు, ఆమేన్ లేదు.

బస్సు నగరి దావ పట్టింది. ఎండ మండిపోతా ఉండాది, మా సీసాల్లో నీళ్ళు అయిపోయినాయి. సెల్వి రవిక పాలతో తడిసిపోయింది, ఒళ్ళు కాలిపోతా ఉండాది, కిటికీకి తల ఆనించి "అక్కా, తన్నీ, తన్నీ" అని నీళ్ళు అడగతా ఉండాది, ఇయ్యడానికి చుక్క లేదు. నగరికి ముందే పోలీసులు ఆపి, రిపోర్టు లేకుండా పోయేదానికి లేదన్నారు. మునెయ్యన్న దిగి దండం పెట్టినాడు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఆర్డరు అట్లా ఉండాది. "అమ్మా, నన్ను తిట్టొద్దండి, ఫ్యాక్టరీకే పోదాం" అని బండి తిప్పినాడు. నిజం చెప్పాలంటే ఆయన మమ్మల్ని రోడ్డు పక్కన దించేసి పోయుండొచ్చు. పోలేదు, దేవుడు ఆయనను దీవించును గాక!

ఫ్యాక్టరీ కాడ చూస్తే ఇంకో కష్టం. గేటుకు తాళం, బయట మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉండాయి. రైతులు ఎండలో మాడతా ఉండారు. మా బస్సును చూసేసరికి వాళ్ళ కోపమంతా మా మీదికి తిరిగింది. "మీ జొరాలతో మా కాయలు కుళ్ళబెట్టినారు కదే!" అని ఒకాయన అరిచి మెత్తబడిన కాయను విసిరినాడు, అది అద్దానికి తగిలి రసం కారింది, దాని వెనక ఇంకొకటి. మేము సీట్ల కిందికి వంగినాము. నేను సెల్విని చీరకొంగుతో కప్పుకొని, ఈసారి అరిచే ప్రార్థించినాను: "యేసయ్యా, మాకు ఒక దావ చూపించు! ఎవరన్నా ఒక్కరిని పంపించు!" మన పాస్టరయ్య వస్తాడేమో, మన సంఘం బిడ్డలు ఎవరన్నా వస్తారేమో అని నా కండ్లు రోడ్డు మీదే ఉండినాయి.

వచ్చింది ఎవరో తెలుసా? నుదుట నామం పెట్టుకొని, మూతికి తువ్వాలు కట్టుకొని, ఒక పెద్దాయన ట్రాక్టరు దిగి ఆ విసిరేవాళ్ళ నడుమ నుంచి నడిచి వచ్చినాడు. పేరు చెంగల్రాయులు. ఆయన కాయలు కూడా ఆ ట్రాక్టర్లో కుళ్ళతా ఉండాయి. బస్సుకు కొంచెం దూరంలో నిలబడి "డ్రైవరప్పా, బండి నా వెనకాల రానీ" అన్నాడు.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు మునెయ్యన్న.

"నా తోటకు. బోరు ఉండాది, నీడ ఉండాది. రిపోర్టు వచ్చేదాకా ఆడ ఉండనీ ఈ ఆడబిడ్డలు."

మిగతా రైతులు "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నారు. ఆయన కాయల ట్రాక్టరు తిప్పుకొని ముందర పోయినాడు, మేము వెనక పోయినాము. నేను అడిగిన దావ ఒకటి, దేవుడు తెరిచిన దావ ఇంకొకటి, స్తోత్రం చెల్లించండి!

తోటలో దిగి బోరు నీళ్ళకింద మొకం పెట్టి తాగినాము, ఏడ్చినాము. చెంగల్రాయులు దూరంగా గట్టు మీద కూర్చొని, ఇంటికి ఫోను చేసి సంగటి, చట్నీ తెప్పించి, మధ్యలో పెట్టి వెనక్కి జరిగినాడు. నేను దండం పెడితే "ఉండుమ్మా, నాకేం భయం లేదనుకోవద్దు. కాళ్ళు వణకతానే ఉండాయి. ఇంట్లో తిడతా ఉండారు, తిట్టనీ" అన్నాడు. రాజమ్మత్త నా పక్కకు వచ్చి "మే సుగుణా, నీ దేవునికి ఒక మాట చెప్పు, నేను మా గంగమ్మకు చెప్పుకుంటా" అనింది. ఆ చెట్ల కింద నేను గట్టిగా ప్రార్థన చేసినాను, ఎవురూ కాదనలేదు, చాలామంది ఆమేన్ అన్నారు.

సాయంత్రానికి సెల్వికి ఊపిరి ఆడలేదు. పెదాలు నీలంగా మారినాయి. నాకూ అప్పటికే జొరం మొదలయింది. చెంగల్రాయులు ఎవరెవరికో ఫోన్లు చేసి, అరిచి, బతిమాలి అంబులెన్సు తెప్పించినాడు, మా ఇద్దరినీ తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయినారు. మరుసటి రోజు రిపోర్టులు వచ్చినాయి, బస్సులో సగం మందికి పైగా కరోనా ఉండాది, అందరినీ ఆఫీసర్లు వచ్చి కరోనా సెంటరుకు తరలించినారు.

ఆసుపత్రిలో సెల్వి మొకానికి మాస్కు, పక్కన ఆక్సిజను. నాకు జొరమే కానీ ఊపిరికి బాధ లేదు. పడుకోమంటే పడుకోలేను, లేచి సెల్వి మంచం కాడికి పోతాను, నర్సమ్మ తరిమితే వస్తాను, మళ్ళీ పోతాను. అంతలో మునెయ్యన్న ఫోను: రాజమ్మత్త సెంటరులో చనిపోయిందని. ఏడవను కూడా తీరలేదు, ఇంకో మాట చెప్పినాడు: "చెంగల్రాయులు పెద్దాయనకు జొరమంట, ఆసుపత్రిలో చేర్చినారంట."

సహోదరులారా, ఆ మాటకు నేను కుప్పకూలినాను! మాకు నీళ్ళిచ్చిన మనిషికి మేము ఇచ్చింది ఇదా? అంతవరకు నా పానం, నా ఇల్లు, నన్ను దిగొద్దన్న మొగుడి మీద నా మంట, ఇవే నా ప్రార్థనలు. ఆ పొద్దు మంచం పక్కన మోకాళ్ళూని నేను చేసిన ప్రార్థనలో నేను లేను: "ప్రభువా, ఆయన నిన్ను ఎరగడు, కానీ నువ్వు చెప్పిన పని చేసినాడు. భయపడతానే చేసినాడు. ఆయన ఇంట్లోవాళ్ళు ఆయనను తిట్టేటట్టు చెయ్యొద్దు. ఆయనను లేపు. ఈ సెల్వి బిడ్డకు తల్లిని మిగుల్చు. నన్ను ఏం చేసినా సరే!" ఎంతసేపు ఏడ్చినానో తెలీదు. లేచేసరికి నా ఒంట్లో వణుకు లేదు. జొరం ఉండాది, భయం పోయింది! చాన్నాళ్ళ తర్వాత కన్ను మూసి నిద్రపోయినాను, నా దేవునికి స్తోత్రం!

సెల్వి మెల్లమెల్లగా కోలుకునింది. మాస్కు తీసినరోజు గంజి తాగి "పాలు ఎండిపోయినాయక్కా" అని ఏడ్చింది. ఎండిపోతేనేం, తల్లి మిగిలింది, ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతా ఉండాడు! చెంగల్రాయులు కూడా లేచినాడు. నేను నెమ్మదించినాక ఆయనను చూడను పోతే, గడప కాడ కుర్చీలో కూర్చొని చిక్కిపోయి ఉండాడు. నేను ఏడుస్తా "మీ కోసం ప్రార్థన చేసినాను పెద్దాయనా" అంటే, "అట్లయితే అప్పుడే ఆపొద్దమ్మా, నేనింకా దగ్గతానే ఉండా" అని నవ్వినాడు.

మా ఆయన సంగతి కూడా చెప్పాల. నేను ఊరికి వచ్చినరోజు రోడ్డుకాడికి ఎదురొచ్చి "తప్పయిపోయింది సుగుణా" అన్నాడు. నేను సరేలే అనలేకపోయినాను. చాన్నాళ్ళు అన్నం పెట్టినాను కానీ మొకం చూడలేదు. మా అత్త ఆ జొరం తగలకుండా బతికింది, ఆమె దగ్గు విన్నప్పుడల్లా ఆయన ఆ రోజు ఎంత నలిగిపోయినాడో కొంచెం కొంచెంగా తెలిసింది. ఆ చేదు నుంచి కూడా ప్రభువు నన్ను విడిపించినాడు, కానీ ఒక్కరోజులో కాదు. రాజమ్మత్తను ఎందుకు తీసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు, ప్రార్థనలో అడగతానే ఉండాను.

ఇప్పుడు మళ్ళీ సీజను వచ్చింది, మళ్ళీ ఆ ఫ్యాక్టరీలో జొరాలు, ఈ ఫ్యాక్టరీలో జొరాలు అని మాటలు వినబడతా ఉండాయి, మీలో కొందరి బిడ్డలు కూడా పనికి పోతా ఉండారు, మీ కండ్లలో ఆ దిగులు నాకు కనబడతా ఉండాది. నా ప్రియమైనవారలారా, ఈ దేవుణ్ణి నమ్మండి! కోపంతో అరిచినా వింటాడు, మాట రాకపోయినా వింటాడు. ఆయన పంపించే మనిషి మనం అనుకున్న మనిషి కాకపోవచ్చు, ఒకవేళ ఆయన పంపించాలనుకున్న మనిషివి నువ్వే అయి ఉండొచ్చు. కాళ్ళు వణికితే వణకనీ, ప్రార్థన చేసుకొని లేచి పో. జొరంతో వచ్చినామె ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది అని తర్వాత అడగొచ్చు, ముందు ఆమెకు నీళ్ళు ఇయ్యండి. నన్ను బతికించిన యేసయ్యకే మహిమ కలుగును గాక! ఆమేన్.