రెండు తొవ్వలూ మూసిన పొద్దు

“ఆ సారు కాళ్లకు ఖర్చు సున్న పెట్టు. బండిని పోయి తాకనియ్యి!”

“అవ్వా, నీకు పిచ్చా? మనిషిని తప్పించుకపోవుడే దాని పని.”

“చెప్పుల డబ్బంత బండి. తాకితె సస్తడా?”

“ఆయన సావడు. నేను ఫెయిలైత.”

జనగామల మా వంటింట్ల కూసోని నేనూ నా మనుమరాలూ కొట్లాడుకున్న మాటలివి. మహబూబాబాద్ కాలేజీల ఇంజినీరింగు ఆఖరు ఏడాది ఆమెది. డ్రైవర్ లేకుండ తనంతట తాను నడిచే చిన్న బండిని చేసింది. దాని మీద ‘తొవ్వ’ అని పేరు రాసింది, మా దిక్కు దారిని తొవ్వ అనే అంటం. నేను చదివింది రెండో తరగతే గని, ఆ బండి తెలివి నాకు నచ్చింది. మొదలు ఏదో ఒక తొవ్వ అనుకుంటదట. దూరానికింత, మలుపుకింత, దేనికన్న తగిలితె బాగ ఎక్కువ అని ఖర్చు కడ్తదట. తొవ్వను జరంత జరిపి మళ్ల కడ్తదట. ఖర్చు ఇగ తగ్గదన్నంకనే కదుల్తది. అగ్గిపుల్లను సుత ఆలోచించి గీసేదాన్ని, నాకు అర్థంగాదా?

ఆ పేరు చూసి వాళ్ల సారు క్లాసు ముందట నవ్విండట. “తొవ్వేంటమ్మా? నీ బండి గోతులు తవ్వుద్దా? ముందు తెలుగు నేర్చుకో. అది చెరిపెయ్. రేపు పరీక్షకు వచ్చే పెద్దసార్లకు బండి గురించి నేనే చెప్తా, నువ్వు నోరు తెరవకు.”

పిల్ల అన్నం ముట్టలేదు. బండి చేసింది ఆమె, నోరు మూసుకోవాల్సింది ఆమెనేనట.

ఆ సారు ఇల్లు జనగామలనే. కారుల పోయి వస్తడు. తెల్లారితె తెలంగాణ కోసం రాస్తారోకో ఉండె. కూలి పోతదని నేనెన్నడు పోయినదాన్ని కాదు. ఆ సాయంత్రం మాత్రం వాడకట్టు ఆడోళ్లకు చెప్పిన: “రేపు నేనొస్త. గని పెద్ద రోడ్డు ఒక్కటే మూస్తె లాభం లేదు, వెనుక మట్టితొవ్వ సుత మూయాలె.” ఇంట్ల పిల్ల బండికి పప్పు డబ్బాలు అడ్డం పెట్టి చూసినదాన్ని. జరంత సందు దొరికినా బండి దూరిపోతది.

తెల్లారి మనుమరాలు మొదటి రైలుకు పోయింది. మేం మట్టితొవ్వకు ఎడ్లబండి అడ్డం పెట్టి, పెద్ద రోడ్డు మీద కూసున్నం. దవాఖానకు పోయే బండ్లను ఇడిచిపెట్టినం. సారు కారు వచ్చి ఆగింది. మర్లి మట్టితొవ్వ పట్టింది. జరసేపటికి మళ్ల మా ముందటికే వచ్చింది.

“అమ్మా, కాలేజీలో పరీక్ష ఉంది, పోనివ్వండి” అన్నడు.

“మాకు రాష్ట్రం కావాలె నాయినా. నువ్వూ కూసో” అన్న. నేనెవలో ఆయనకు తెల్వది. తెల్వకపోవుడే నాకు ఇంకింత తీపి.

పొద్దెక్కినంక పక్కింటామె ఫోనుకు మనుమరాలు చేసింది. “అవ్వా, సారు రాలే. నేనే చెప్పిన. పేరు చెరపలే. పెద్దసార్లు పాస్ అన్నరు.”

ఫోను పక్కింటామెకిచ్చి, కారు ముందటికి ఇంకింత జరిగి కూసున్న.