బెల్టు ఎట్లున్నదే మరదలా

మా బావ పోయాడు. పదిహేను రోజులైంది. పొద్దున్నే మిర్యాలగూడ నుంచి అక్క ఫోన్ చేసి, "మీ బావ ఇగ లేడే చెల్లె" అన్నది. స్టవ్ మీద చాయ్ పొంగిపోతున్నా ఆపాలని తోచలేదు నాకు.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే. రైసుమిల్లుల్లో బెల్టులు ఎక్కించే ఫిట్టరు. మిర్యాలగూడలో మిల్లులకేం కొదవ, జీవితమంతా ఆ ఊక దుమ్ములోనే గడిచింది. మిల్లు బయట నిలబడి చప్పుడు వింటే చాలు, ఏ బెల్టు వదులైందో చెప్పేవాడు. ఇంట్లో మా అక్క మాట మాత్రం వినిపించేది కాదు.

నేను సూర్యాపేటలో టీచరును. షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు. కోదాడలో ఇల్లు ఖాళీ చేస్తున్న తోటి టీచరమ్మ దగ్గర పాత ట్రెడ్‌మిల్లు తెచ్చుకున్నాను. నెల తిరక్కుండానే కాలు వేసినప్పుడల్లా బెల్టు జారి ఆగడం మొదలైంది. పాత మిల్లుల్లో బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లేవాళ్లని బావ కబుర్లలో ఎప్పుడో విన్నాను. నాకింత తెలివి ఉండగా ఒకర్ని అడగడమెందుకు? పూజ గదిలో గుగ్గిలం తెచ్చి, మెత్తగా దంచి, బెల్టు కింద చల్లాను. మోటారు మూలిగింది. ఇల్లంతా పండగ వాసన.

సంగతి అక్కకు ఫోన్లో చెప్పానో లేదో, మర్నాడే బావ బస్సు దిగాడు. ప్లగ్గు తీయించి, బెల్టు కింద చెయ్యి పెట్టి చూసి, నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"మిల్లు బెల్టు చక్రాన్ని పట్టుకోవాలె. గీ బెల్టు పలక మీద జారాలె. రెండు రోగాలకు ఒక్కటే మందు పోస్తవా మరదలా? బడిల పిల్లలకు గిట్లనే చెప్తున్నవా?"

బెల్టు వదులు చేసి, పలకంతా గుడ్డతో తుడిచి, సిలికాన్ ఆయిల్ పలచగా పూశాడు. వెనక రోలరుకు రెండు వైపులా ఉన్న బోల్టులు చూపించాడు. బెల్టు ఎడమకు జరిగితే ఎడమ బోల్టు పావు చుట్టు బిగించాలి. మనిషి ఎక్కకుండా మెల్లగా నడిపి చూడాలి. నేను తొందరపడి చుట్టంతా తిప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు.

"పావు తిప్పి ఆగు. బెల్టుకు జర టైమియ్యాలె. ఎంబడే రాదది. గాని వస్తది."

నా బడి సంచిలో సుద్దముక్క తీసి బెల్టు అంచున చిన్న గీత గీశాడు. మిల్లులో అలవాటట. గీత మెషిను పక్క పట్టీకి అదే దూరంలో తిరిగి తిరిగి వస్తుంటే బెల్టు పక్కకు పోవడం లేదని గుర్తు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్. "బెల్టు ఎట్లున్నదే మరదలా?" షుగరు ఎంతుంది, నడుస్తున్నావా అని నేరుగా అడగడం ఆయనకు చేతకాదు. నాలుగు వారాలకోసారి గీత దిద్దే వంకతో వచ్చేవాడు. మూడు చెంచాల చక్కెర లేనిదే చాయ్ ముట్టని మనిషి, నా ఎదుట చప్పటి చాయే తాగేవాడు.

ఈ ఎండాకాలం నేను నడక మానేశాను. పరీక్ష పేపర్లు, మోకాలి నొప్పి, సాకులకేం తక్కువ! ట్రెడ్‌మిల్లు మీద చీరలు ఆరేశాను. పోయిన నెల బావ ఫోన్ చేశాడు.

"బెల్టు ఎట్లున్నది? శనివారం వద్దామనుకుంటున్న."

ఆ చీరలు చూస్తే ఏమంటాడోనని నా భయం. "మస్తుగున్నది బావా. రోజు నడుస్తున్న. ఎండల గంత దూరం ఎందుకు, రాకు" అన్నాను.

ఏదో చెప్పబోయి ఆగాడు. "మంచిదే. నడువు మరి" అని పెట్టేశాడు. ఎందుకు ఆగాడో నేను అడగలేదు.

దినాల నాడు అక్క ఆయన సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో ఆయిల్ సీసా, బోల్టులు తిప్పే పానా, మడిచిన చొక్కా, దవాఖాన పాత చీటీలు.

"మెట్లెక్కితే ఆయాసమొస్తదన్నడే. దవాఖానకు పోదామంటే ఇనలే. 'మరదలి బెల్టు సూసినట్టుంటది, సూర్యాపేటల గుండె డాక్టరుకు సూపించుకున్నట్టుంటది' అన్నడు. నువ్వు రావద్దన్నవని సంచి గట్లనే మేకుకు తగిలేసిండు."

అక్క నన్ను తప్పుపట్టి అన్న మాట కాదది. చీరల సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. వస్తే బతికేవాడా అంటే, ఏమో, నాకు తెలియదు. నేను వద్దనకపోతే వచ్చేవాడు. అది మాత్రం తెలుసు.

ఇంటికి రాగానే చీరలు తీసేశాను. బెల్టు నడిపి చూస్తే ఎడమకు జరుగుతోంది. ఆయన పానాతోనే పావు తిప్పి ఆగాను. మెల్లగా దారికొచ్చింది. సుద్దగీత సగం చెరిగిపోయింది. సంచిలో సుద్దముక్కలున్నాయి గాని దిద్దడానికి చెయ్యి రాలేదు.

మొన్న ఆదివారం ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని నడిచాను. గీత ముందునుంచి వచ్చింది, కాలి పక్కనుంచి వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది.