ఇంట్లో ఇవ్వని జ్ఞానస్నానం

పాప నెలలు నిండకుండా పుట్టింది. దవాఖాన నుంచి తెచ్చుకున్న రోజు కిటికీలకు పెట్టిన గడియలు నెలల తరబడి తీయలేదు. సుబేదారి వాడలో మా ఇల్లు రోడ్డు పక్కనే. బస్సు పోతే దుమ్ము, ఎవరైనా వస్తే దగ్గు. ఏడో నెల వచ్చినా పాపకు జ్ఞానస్నానం కాలేదు. గుడిలో, అంటే మా చర్చిలో, నిండా జనం, వాళ్ళందరి ఊపిరి. తలుచుకుంటేనే నాకు గుండె దడ. అలాగని, ఇప్పించకుండానే పాపకేమైనా అయితే? ఆ ఆలోచన కూడా నిద్రపోనిచ్చేది కాదు.

మోకాలు విరిగి మంచంలో ఉన్న అత్తమ్మకు ప్రతి మొదటి శుక్రవారం ఫాదర్ దివ్యసత్ప్రసాదం తెచ్చేవారు. ఫాదర్ కాకముందు ఆయన సిపాయి. సరిహద్దు కొండల్లో యుద్ధం చేసి వచ్చారు. ఎడమ చెవి వినపడదు. మా ఇంట్లో ఎప్పుడూ తలుపు కనబడే కుర్చీలోనే కూర్చునేవారు. ఆయన లోపలికి రాగానే నేను గడియ పెట్టేదాన్ని. ఆయన లేచి తీసేవారు.

"మా కోడలు గాలిని కూడ చెప్పులు బయట ఇడిసి రమ్మంటది ఫాదర్," అంది అత్తమ్మ ఒకసారి.

ఆయన నవ్వారు. "మా హవల్దార్ సాబు గూడ గట్లనే ఉండె."

ఆ నవ్వు చూసి ధైర్యం చేశాను. "ఫాదర్, పాపకు ఇంట్లనే జ్ఞానస్నానం ఇయ్యరా? నీళ్ళు కాచి చల్లార్చి పెడత."

"ప్రాణం మీదికొస్తేనే ఇంట్ల ఇస్తం బిడ్డా. లేకుంటే గుళ్ళెనే. పాపకు గట్లున్నదా? ఉన్నదంటే ఇప్పుడే ఇస్త."

ఉన్నదంటే చాలు, గడప దాటకుండా అయిపోతుంది. పాప నా భుజం మీద ఉండి నా గొలుసు చప్పరిస్తోంది. నోరు తెరిచాను. ఆ మాట పాప చెవి పక్కన ఎలా అనను? అంటే నిజమవుతుందేమో.

"ఉన్నదను, ఏం పోతది," గొణిగింది అత్తమ్మ.

అనలేకపోయాను.

ఫాదర్ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. "గుడి బయట నేనిచ్చింది ఒక్కసారే. అప్పటికి ఫాదర్ను కాదు. దెబ్బ తగిలి నా పక్కన పడ్డోడు అడిగిండు. అసొంటప్పుడు ఎవరైనా ఇయ్యచ్చు. నా బాటిల్ల నీళ్ళు గడ్డకట్టినయి. చంకల పెట్టుకొని కరిగించిన. నెత్తిన పోసిన నీళ్ళు చెంపల మీదికి జారకముందే పోయిండు." పాప వైపు తిరిగారు. "బతికే పిల్లకు గట్ల ఇయ్యలేను బిడ్డా. పూజ అయినంక రాండ్రి. జనం పోతరు. తలుపులన్నీ తెరిచి పెట్టిస్త."

ఆదివారం పోయాం. ఖాళీ గుడిలో కూడా పాప ముఖానికి నా కొంగు అడ్డం పెట్టుకునే నిలబడ్డాను. ఫాదర్ మొదటిసారి నీళ్ళు పోశారు. మామూలుగా మూడుసార్లు ఆగకుండా పోసేస్తారు. ఆయన మాత్రం వినపడే చెవిని పాప వైపు తిప్పి ఆగిపోయారు. ఆయన ముఖం చూసి నేనూ బిగుసుకుపోయాను.

పాప కెవ్వుమంది.

అప్పుడు రెండోసారి పోశారు.

ఇంటికొచ్చి గడియలన్నీ మళ్ళీ పెట్టాను. తడి తల తుడిచి నుదురు ముట్టి చూశాను. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి చూసొచ్చాను.